తరుగు

బిసంకటక్ దాటాక తారు అయిపోయింది.
ఆ తర్వాత కంకర, ఆ తర్వాత
వంశధారలో కలవాల్సిన ఓ గెడ్డ తాలూకు ఇసుక.
దాలినాయుడు రెండో గేరులో తిట్టుకుంటూ
బండిని గెడ్డలోకి దించాడు.
నీళ్లుంటే దిగేది కాదన్నాడు.
కరువు మనకి చేసిన మేలు ఇదొక్కటే, అని నవ్వి
నవ్వినందుకు ఒంటిచేత్తో లెంపలేసుకున్నాడు.

నాది లెక్క రాసే పని.
ఒళ్లో పుస్తకం, కాళ్ల దగ్గర కాటా.
కాటా మా నాన్నది. గుణుపురం బజార్లో
నలభయ్యేళ్లు ఉప్పూ చింతపండూ తూచిన వేలాడే కాటా.
ఆయన ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు.
లాభం, రెండు, మూడు...
ఆరు తర్వాత ఆరున్నొకటి.
ఏడు అనకూడదురా,
కొలిచేచోట ఏడుపు మాట రాకూడదు, అనేవాడు
బొటనవేలితో పళ్లెం అంచుని
ఇంచుక నొక్కి.

సికాగూడలో నలభై మూడు గడపలు. గడపకి పది కిలోలు.
కాటాని ఓ చింతకొమ్మకి తగిలించాం.
జలంధర్ కుయిలో పేర్లు పిలుస్తున్నాడు,
నేను తెలుగులో రాసుకుంటున్నాను
ఒడియాలో అచ్చేసిన గడుల కింద:
వరస, పేరు, కిలోలు, వేలిముద్ర, తరుగు.
తరుగంటే దారిలో రాలింది, ఎలక తిన్నది,
బస్తా చిల్లులోంచి పోయింది.
ఆ గడి ఖాళీగా ఉంటే మంచి లెక్క.

తోసుకుంటారని మాకో హోంగార్డుని ఇచ్చారు.
ఎవరూ తోసుకోలేదు.
అతను నీడ చూసుకుని పడుకున్నాడు.

ఎవరి వాకిట్లోనో మామిడి టెంకలు ఎండుతున్నాయి.
లోపలి జీడిని పిండి చేసి
మూడు రాత్రులు పారే నీట్లో ఉంచితేగాని
వగరు పోదట, కడుపుకి పడదట.
పారే నీళ్లేవి?
మేం బండిలో దాటొచ్చింది ఆ గెడ్డే.

గురుబారి హికక, పదిహేడో వరస.
బియ్యం మూట కట్టింది, ముద్ర వేసింది,
కదల్లేదు.
చంకలో పిల్లాణ్ణి చూపించి ఏదో అంది.
జలంధర్ కాసేపు ఆగి చెప్పాడు:
వీణ్ణి కూడా తూచమంటోంది.

ఎందుకని అడగాల్సింది. అడగలేదు.
పాత చీరముక్కని ఆవిడే
కొక్కేనికి ఉయ్యాలలా కట్టింది.
వాడు ఏడవలేదు,
ముల్లు మెరుస్తోందని దానికేసి చూశాడు.
మూడేళ్లట.
ఎంత, అంది. అది మాత్రం
జలంధర్ చెప్పకుండానే తెలిసింది నాకు.

ఆరున్నొకటి, అన్నాను.
ఆరా, ఒకటా? అన్నాడు జలంధర్.
ఏడు, అన్నాను.
ఏడు కిలోలు.
మా నాన్న కాటా కింద మొదటిసారి ఆ మాట.

ఆవిడ తలూపింది,
సంతలో ధర కనుక్కున్న మనిషిలా.
నెత్తి మీద పది, చంకలో ఏడు,
నడిచి వెళ్లిపోయింది.
గుడ్డ కొక్కేనికే ఉండిపోయింది.

ఆ తర్వాత పిల్లలున్న ప్రతి తల్లీ ఆ గుడ్డ దగ్గర ఆగింది.
ముందు బియ్యం తీసుకుని వెళ్లినవాళ్లు కూడా
మళ్లీ వచ్చారు.
ఏడుంబావు. ఆరున్నర. ఎనిమిది. మళ్లీ ఏడు.
ఎక్కడ రాయను?
గడుల్లో ఒకటే ఖాళీగా ఉంది.

వేలు దూరంగానే పెట్టుకున్నాను.
నొక్కితే తలా పావుకిలో పెరిగేవారు పిల్లలు.
నిజం చెప్పాలంటే
ఒకదాని దగ్గర నొక్కాను.
వాళ్లమ్మ మొహం వెలిగింది.
ఆ పిల్ల పేరు రాసుకోలేదు నేను.

రాయగడ ఆఫీసులో గుమాస్తా పుస్తకం తిరగేసి
తరుగు కింద గీత గీసి కూడాడు.
నూట పద్దెనిమిది కిలోలు.
కళ్లజోడు పైకి తోసి నాకేసి చూశాడు.
ఒక్క ఊళ్లో ఇంత తరుగేమిటయ్యా,
ఎలకలా? బస్తాలు చిరిగాయా?

బస్తాలు బాగానే ఉన్నాయండి, అన్నాను.